గొంతు తగ్గిందా, తగ్గించారా?

పల్లవి మొదటి పాదం నిండుగా వస్తుంది. రెండో పాదానికల్లా గొంతును ఎవరో దిండు కింద అదిమినట్టు అణిగిపోతుంది. చరణంలో కాస్త తేరుకుంటుంది, తారషడ్జం పట్టగానే మళ్లీ పడిపోతుంది. పాడినవాళ్లు ఒక్కతీరుగానే పాడారు. మైకు కదల్లేదు. ఎవరూ ఏ మీటా తిప్పలేదు. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని కవర్ సాంగో కీర్తనో రికార్డు చేసుకునేవాళ్లకు ఏదో ఒక రోజు ఎదురయ్యే చిక్కే ఇది. "సౌండ్ డౌన్ అయిపోతోంది" అంటారు. అంతకు మించి ఏం చెప్పాలో వాళ్లకీ తెలియదు.

మందు చెప్పేవాళ్లకు మాత్రం కొదవ లేదు. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే మైకు మార్చమంటారు. పాటల పిచ్చి ఉన్న కొలీగ్‌ని అడిగితే ఆడియో ఇంటర్‌ఫేస్ కొనమంటాడు. స్టూడియోలో పనిచేసిన ఇంజినీరు గదికి మందపాటి కర్టెన్లు కట్టమంటాడు. వీడియోలు చూసి నేర్చుకున్న కుర్రాడు కంప్రెసర్ వేయమంటాడు. ఈ నాలుగు సలహాలూ ఎక్కడో ఒకచోట పనికొచ్చేవే. కానీ ముందు అడగాల్సిన ప్రశ్నని ఎవరూ అడగరు: సౌండ్ ఎప్పుడు పడింది? పాట మొదలైన ఎంతసేపటికి పడింది? పడింది చెవిలోనా, ఫైల్లోనా?

హైదరాబాద్ హైటెక్ సిటీ చుట్టుపక్కల ఈ ప్రశ్నకు ఒక స్థానిక కోణం ఉంది. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించాక పెరిగిన ఊరు ఇది. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఉద్యోగాల్లో కోడ్ ఎంత రాసినా, రోజులో పెద్ద భాగం కాల్స్‌కే పోతుంది. 2020 మార్చి లాక్‌డౌన్‌తో ఆ కాల్స్ అన్నీ ఇళ్లలోకి వచ్చేశాయి, ఇప్పటికీ పూర్తిగా వెళ్లిపోలేదు. అందుకని ఇక్కడి ఇంటి కంప్యూటర్ చాలావరకు ఆఫీసు కంప్యూటరే, లేదా ఆఫీసు పనికి అనువుగా అమర్చుకున్నది. మనిషి మాట వినపడాలి, మిగతాదంతా అణగాలి అన్నదే దాని పని. రాత్రి పదకొండుకి అమెరికా కాల్ ముగించి అదే యంత్రం ముందు పాట ఎత్తుకుంటే, అది పాటని కూడా మీటింగ్ అనుకునే వింటుంది. నా లెక్కలో ఈ ఐటీ కారిడార్ ఇళ్లలో సౌండ్ పడిపోయే కేసుల్లో ఎక్కువ భాగం ఏదో చెడిపోవడం వల్ల వచ్చినవి కావు. ఏదో ఒకటి అతి శ్రద్ధగా పనిచేయడం వల్ల వచ్చినవి. అందుకే కొత్త మైకు చివరి మందు కావాలి, మొదటిది కాదు.

చెవిలో పడటానికీ ఫైల్లో పడటానికీ తేడా తేల్చుకోవడం నిమిషం పని. రికార్డు చేసిన దాన్ని తెరమీద గీతగా చూడాలి. గీత సమంగానే ఉండి పాడుతున్నప్పుడు మాత్రం వెనక మోగే ట్రాక్ తగ్గినట్టు వినిపించిందంటే, దాదాపు ఖాయంగా విండోస్ చేసిన పనే. 2009లో వచ్చిన విండోస్ 7తో మైక్రోసాఫ్ట్ ఒక సదుపాయం పెట్టింది. కంప్యూటర్‌లో ఫోన్ కాల్ లాంటిది మొదలైందని తోస్తే మిగతా శబ్దాలన్నిటినీ 80 శాతం తగ్గించేస్తుంది. మీటింగ్‌లో ఉండగా పాటలు మోగకూడదన్న మంచి ఉద్దేశమే. పక్కన ఏ టీమ్స్ కాలో, బ్రౌజర్‌లో ఏ మీటింగ్ ట్యాబో మైకుని పట్టుకుని ఉంటే, కరోకే ట్రాక్ కూడా ఆ 80 శాతం కిందకి వచ్చేస్తుంది. కంట్రోల్ పానెల్‌లో సౌండ్ తెరిచి, కమ్యూనికేషన్స్ అనే ట్యాబ్‌లో "డూ నథింగ్" ఎంచుకుంటే ఆ గోల వదులుతుంది. మైక్రోసాఫ్ట్ హైదరాబాద్ డెవలప్‌మెంట్ సెంటర్ మొదలైందీ 1998లోనే, క్యాంపస్ ఉన్నదీ గచ్చిబౌలిలోనే. ఆ సెట్టింగ్‌ని అక్కడే రాశారని నేను అనడం లేదు. కానీ దాన్ని ఆపడం తెలియక తిట్టుకునేవాళ్లు ఆ ప్రహరీకి కూతవేటు దూరంలో కూడా ఉన్నారు.

చెవిలో పడింది కదా, ఫైలు బాగుంటే చాలనుకోవడానికి లేదు. 1911లో ఎటియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు ఒక సంగతి ప్రచురించాడు: చుట్టూ రొద పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. దీనికి తిరగేసిన రూపం కూడా నిజమే. హెడ్‌ఫోన్‌లో ట్రాక్ తగ్గి తన గొంతు తనకే పెద్దగా వినపడితే, గాయకుడు తెలియకుండానే గొంతు తగ్గిస్తాడు. విండోస్ తగ్గించింది ట్రాక్‌నే, కానీ దాన్ని విని పాడేవాళ్లు తమని తాము తగ్గించుకున్నారు. అప్పుడు ఫైల్లోనూ గీత సన్నబడుతుంది. ఇలాంటి చోట మైకు మార్చినా ఇంటర్‌ఫేస్ కొన్నా ఒరిగేదేమీ లేదు.

ఇక ఫైల్లోనే పడిపోయే రకం. ఇక్కడే అసలు విషయం ఉంది.

మీటింగ్ సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఒక ఉమ్మడి పూర్వీకుల వరస ఉంది. గూగుల్ 2010లో గ్లోబల్ ఐపీ సొల్యూషన్స్ అనే కంపెనీని కొని, 2011లో వెబ్‌ఆర్‌టీసీ పేరుతో ఆ పరిజ్ఞానాన్ని అందరికీ ఉచితంగా తెరిచింది. బ్రౌజర్‌లో మాట్లాడుకునే వ్యవస్థలు చాలావరకు దానిమీదే నిలబడ్డాయి. అందులో మైకు శబ్దానికి మూడు సంస్కారాలు జరుగుతాయి. ప్రతిధ్వని తీసేయడం, రొద అణచడం, మోత సమం చేయడం. వెబ్‌సైటు ప్రత్యేకంగా వద్దంటే తప్ప మూడూ సాధారణంగా ఆన్‌లోనే ఉంటాయి. జూమ్, టీమ్స్ లాంటివి సొంత పద్ధతులు రాసుకున్నా, చేసే పనులు ఇవే. బ్రౌజర్‌లోనే పాట రికార్డు చేసే సైట్లు వాడేవాళ్లు ఈ మూడింటినీ ఆపే మీట ఆ సైట్‌లో ఎక్కడుందో ముందు వెతుక్కోవాలి. అలాంటి మీట లేని సైటు పాటకు పనికిరాదు, ఎంత అందంగా ఉన్నా సరే.

మోత సమం చేసే యంత్రాంగం సంగతి చూద్దాం. మీటింగ్‌లో ఒకరు మైకులో దూరి మాట్లాడతారు, ఇంకొకరు కుర్చీ వెనక్కి వాల్చి మాట్లాడతారు. ఇద్దరూ ఒకే తీరుగా వినపడాలంటే పెద్ద గొంతుని దించాలి, చిన్న గొంతుని లేపాలి. దించడం వెంటనే జరుగుతుంది, లేపడం నింపాదిగా జరుగుతుంది. మాటకు ఇది బాగానే సరిపోతుంది. పాటకు వచ్చేసరికి మంద్రంలో మెల్లగా పలికిన చోట లేపేస్తుంది, తారస్థాయికి ఎక్కగానే దించేస్తుంది. దించినదాన్ని మళ్లీ లేపడానికి సమయం తీసుకుంటుంది కాబట్టి, ఎత్తు స్వరం తర్వాత వచ్చే పాదమంతా బలహీనంగా పడుతుంది. ఎత్తుపల్లాల్లోనే భావం ఉన్న పాటని అది చదును చేసి మరీ ఇస్తుంది. గట్టిగా పాడిన చోటే సౌండ్ పడి, కాసేపటికి తేరుకుంటుంటే ముందు దీన్నే అనుమానించాలి.

దీని అసలు దుర్మార్గం ఇంకొకటి ఉంది. కొన్ని యాప్‌లు తమ లోపల మాత్రమే సర్దుకోవు, విండోస్ మైకు స్లైడర్‌నే పట్టుకుని జరుపుతాయి. మీటింగ్ అయిపోయాక ఆ స్లైడర్ జరిపిన చోటే ఉండిపోతుంది. సోమవారం స్టాండప్ కాల్‌లో ఎవరో గట్టిగా నవ్వించారని 90 నుంచి 40కి దిగిన స్లైడర్, శనివారం ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి పాడేటప్పటికీ 40లోనే ఉంటుంది. మొన్న బాగా వచ్చింది, ఇవాళ ఎందుకు రావడం లేదన్న ప్రశ్నకు సగం జవాబు ఇదే. పరీక్ష చాలా తేలిక. సెట్టింగ్స్‌లో మైకు వాల్యూమ్ అంకె కనిపించేలా పెట్టుకుని గట్టిగా ఒక నిమిషం పాడాలి. అంకె తనంతట తాను కదిలితే దొంగ దొరికినట్టే. జూమ్‌లోనూ టీమ్స్‌లోనూ మైకుని ఆటోమేటిక్‌గా సర్దే ఎంపిక ఆడియో సెట్టింగ్స్‌లోనే ఉంటుంది, టిక్కు తీసేయాలి. విండో మూస్తే యాప్ ఆగినట్టు కాదు. గడియారం పక్కన చిన్న బొమ్మగా బతికే ఉంటుంది, అక్కడ నుంచి కూడా వెళ్లగొట్టాలి.

రొద అణిచే యంత్రాంగం ఇంతకన్నా ఆసక్తికరం. కర్ణాటక సంగీతం పాడేవాళ్లకైతే ఇంతకన్నా ప్రమాదకరం. ఈ విద్యకు పునాది 1979లో స్టీవెన్ బోల్ రాసిన పద్ధతి. శబ్దంలో రొద వాటా ఎంతో అంచనా వేసి, దాన్ని మొత్తంలోంచి తీసేయడం. రొదని అంచనా వేయడమెలా అన్న ప్రశ్నకు 2001లో రైనర్ మార్టిన్ ప్రచురించిన పరిశోధన బాగా ప్రసిద్ధమైంది. ప్రతి పౌనఃపున్యం దగ్గరా ఒకటి రెండు సెకన్ల పాటు గమనించి, ఆ వ్యవధిలో కనిపించిన అతి తక్కువ మట్టాన్ని రొదగా తీసుకోవాలి. వెనక ఉన్న తర్కం చక్కగా ఉంటుంది. మాట మధ్యలో ఎప్పుడూ ఖాళీలుంటాయి, అక్షరం మారినప్పుడల్లా శబ్దం మారుతుంది. ఫ్యాను, ఏసీ మాత్రం ఖాళీ లేకుండా ఒక్కలాగే మోగుతాయి. కాబట్టి మారనిది రొద, మారేది మాట.

ఇప్పుడు ఈ కొలత పట్టుకుని ఒక ఆలాపన వినండి. గాయని షడ్జంలో నిలిచింది. నాలుగు సెకన్లు, ఐదు సెకన్లు. శ్రుతి చెదరలేదు, ఊపిరి చెదరలేదు. గురువుగారు భేష్ అంటారు. యంత్రం మాత్రం ఇది మారడం లేదు, ఫ్యానే అయి ఉంటుందనుకుని మెల్లగా అణిచేస్తుంది. ఎంత బాగా నిలిపితే అంత త్వరగా తగ్గిస్తుంది. ఈ తర్కాన్నే ఇంకాస్త లాగితే, గమకంతో ఊగే స్వరం ఒక పౌనఃపున్యం దగ్గర నిలవదు కాబట్టి కొంత తప్పించుకోవాలి, కదలకుండా నిలిచేవి దొరికిపోవాలి. మన సంగీతంలో కదలని స్వరాలు షడ్జ పంచమాలే. తంబూరా మోగించేదీ ఆ రెంటినే. అందుకే ఆన్‌లైన్ పాఠాల్లో అన్నిటికంటే ముందు మాయమయ్యేది శ్రుతి. ఆ తర్వాత వంతు పాదాల చివర నిలిపిన షడ్జానిది.

ఇటీవలి సాఫ్ట్‌వేర్లు ఈ పాత లెక్కలకు బదులు న్యూరల్ నెట్‌వర్క్‌లు వాడుతున్నాయి. 2017లో బయటికొచ్చిన ఆర్‌ఎన్‌నాయిస్, 2020లో ఎన్విడియా ఇచ్చిన ఆర్‌టీఎక్స్ వాయిస్ ఆ కోవవి. కుక్క అరుపూ కీబోర్డు టకటకా తీసేయడంలో ఇవి నిజంగానే అద్భుతాలు. అయితే వీటిని తయారుచేసింది మాటని కాపాడటానికి, పాటని కాదు. పాటలో మాటలా ఉన్నంత భాగం నిలుస్తుంది, మాటలా లేనిది ఎప్పుడు పోతుందో చెప్పలేం. పాత పద్ధతి తగ్గింపు నెమ్మదిగా ఉంటే, కొత్తవాటి తగ్గింపు ఉన్నట్టుండి జరుగుతుంది. ఒక స్వరం మధ్యలో గొంతు తెగి మళ్లీ అతికినట్టు వినిపిస్తే అది కొత్త రకం పని.

మూడోది ప్రతిధ్వని తీసేయడం. స్పీకర్లోంచి వచ్చిన ధ్వని మళ్లీ మైకులో పడకుండా ఇది చూస్తుంది. ట్రాక్‌ని లాప్‌టాప్ స్పీకర్లో పెట్టి పాడేవాళ్ల గొంతుకి ఇదే శత్రువు. ట్రాక్‌లో వీణ మోగినప్పుడల్లా అది వీణని తీసేయాలని చూస్తుంది, ఆ శ్రుతిలోనే ఉన్న గొంతు కూడా దానితో పాటు కొట్టుకుపోతుంది. సంగీతం ఆగినప్పుడు గొంతు లేచి, మొదలవగానే పడితే లక్షణం ఇదే. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే స్పీకర్ నుంచి మైకులోకి ఏమీ పడదు, దానికి తీసేయాల్సిన పనే ఉండదు.

ఈ చిక్కులన్నీ బాగా బయటపడింది 2020లోనే. చిక్కడపల్లిలోనో విజయవాడలోనో కూర్చున్న గురువులు డాలస్, న్యూజెర్సీ పిల్లలకు పాఠాలు చెప్పడం అంతకు ముందే స్కైప్‌లో ఉండేది. లాక్‌డౌన్‌లో పక్క వీధి పిల్లలకు కూడా అదే దారి అయింది. ప్రపంచమంతా సంగీతం మాస్టార్లు మొత్తుకున్నాక జూమ్ అదే ఏడాది సంగీతకారుల కోసమని అసలు ధ్వనిని యథాతథంగా పంపే ఎంపికకు మెరుగులు దిద్దింది. మరుసటి ఏడాది టీమ్స్‌లో మ్యూజిక్ మోడ్ వచ్చింది. ఇవి పనిచేస్తాయి. కాకపోతే ఇటువైపు పెట్టిన ఎంపిక ఇటు గొంతుకే వర్తిస్తుంది. గురువుగారు పెట్టుకుని శిష్యురాలు పెట్టకపోతే, పాఠం బాగా వినిపిస్తుంది, పాడి అప్పజెప్పింది వినిపించదు. నా సలహా వేరు: పాఠం కాల్‌లో చెప్పించుకోండి, అప్పజెప్పేది మాత్రం విడిగా రికార్డు చేసి పంపండి. కాల్‌ని రికార్డు చేసి దాన్నే పాట అనుకోవడం కన్నా ఇది ఎన్నో రెట్లు నయం.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, పాట రికార్డు చేయడానికి వాడకూడదు, అంతే. మామూలు బ్లూటూత్‌లో పాట వినే దారి వేరు, మాట్లాడే దారి వేరు. మైకు ఆన్ కాగానే అది మాట్లాడే దారిలోకి మారిపోతుంది. ఆ దారిలో పాత పద్ధతైతే సెకనుకు 8 వేల నమూనాలు, కొంచెం కొత్తదైతే 16 వేలు. సీడీ నాణ్యతకు 44,100 కావాలి. శ, ష, స లకు స్పష్టతనిచ్చే పై పౌనఃపున్యాలు పాత దారిలో అసలే రావు. చెవిలో స్టీరియో ట్రాక్ కాస్తా టెలిఫోన్ అయిపోతుంది. ఇది తగ్గడంలా వినపడుతుంది కానీ నిజానికి ఇరుకైపోవడం. వాల్యూమ్ పెంచితే ఇరుకు పోదు. 2020లో ప్రకటించిన ఎల్ఈ ఆడియో ఈ బాధ తీర్చగలదు, కాకపోతే కంప్యూటర్, ఇయర్‌బడ్స్ రెండూ దాన్ని సమర్థించాలి. అంతవరకూ వంద రూపాయల వైరు ఇయర్‌ఫోనే మేలు.

మీటింగ్ యాప్‌లు ఏమీ లేకపోయినా పడుతుందంటే, విండోస్‌లోనే ఇంకో పొర చూడాలి. మైకు లక్షణాల్లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అని ఉంటుంది, ఆపేయాలి. దానికి అదనంగా లాప్‌టాప్ తయారీదారు వేసిచ్చిన ఆడియో యాప్‌లో స్పష్టమైన గొంతు, ఏఐ మైకు లాంటి పేర్లతో ఇంకో అణచివేత దాగి ఉంటుంది. విండోస్‌లో ఆపినా ఇది ఆగదు. మాక్‌లో ఈ పొరలు తక్కువ. అయినా 2021 నాటి మాంటెరీ వెర్షన్ నుంచి వాయిస్ ఐసొలేషన్ అనే మైక్ మోడ్ ఉంది, కాల్ పాఠాల్లో అది స్టాండర్డ్‌లో ఉందో లేదో చూసుకోవాలి. ఫోన్‌లో పాడేవాళ్లకూ ఇదే గొడవ. ఆండ్రాయిడ్ 2016లో ఏడో వెర్షన్‌తో శుద్ధి చేయని మైకు ధ్వనిని యాప్‌లకు ఇచ్చే దారి తెరిచింది, కానీ ఫోనూ యాపూ రెండూ ఆ దారి వాడుకోవాలి.

ఆఫీసు లాప్‌టాప్ అయితే వీటిలో సగం సెట్టింగులు మన చేతిలో ఉండవు. అడ్మిన్ హక్కులుండవు, డ్రైవరు వేయనివ్వదు, టీమ్స్‌ని మూసినా మళ్లీ లేస్తుంది. ఐటీ విభాగానికి టికెట్ వేసి "త్యాగరాజ కీర్తన పాడుకోవాలి, నాయిస్ సప్రెషన్ తీయండి" అని అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు, ఉండనక్కర్లేదు కూడా. డ్రైవరు అడగకుండా నేరుగా పలికే యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌లున్నాయి, చాలాచోట్ల అవి పనిచేస్తాయి. కానీ నా మటుకు నేను కంపెనీ యంత్రంలో పాట రికార్డు చేయను. సికింద్రాబాద్ సీటీసీలో దొరికే పాత లాప్‌టాప్ ఒకటి పాటకు ధారాళంగా సరిపోతుంది. గొంతు రికార్డు చేయడానికి ప్రాసెసర్ శక్తి పెద్దగా అక్కర్లేదు. మీటింగ్ యాప్ ఒక్కటి కూడా లేకుండా ఉంటే చాలు, అదే దాని అర్హత.

ఇక్కడికి వచ్చాక వస్తువుల సంగతి. ఆన్‌లైన్‌లో బాగా అమ్ముడుపోయే బీఎం-800 రకం కండెన్సర్ మైకుతో పాటు ఒక కేబుల్ వస్తుంది. ఒక కొసన మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్, ఇంకో కొసన 3.5 మిల్లీమీటర్ల పిన్ను. కండెన్సర్ మైకులకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అన్నది స్టూడియో ప్రమాణం. లాప్‌టాప్ జాక్ ఇచ్చేది కొద్ది వోల్టులే. దాంతో ఈ మైకు బక్కగా పలుకుతుంది. బూస్ట్ 30 డెసిబెల్స్‌కి పెంచితే గొంతుతో పాటు బుస్సుమన్న చప్పుడూ పెరుగుతుంది. దాన్ని చూసి నాయిస్ సప్రెషన్ ఆన్ చేస్తారు, మళ్లీ అది పాటని తింటుంది.

ఆ కేబుల్‌లోనే మరో వింత ఉంది. ఎక్స్‌ఎల్‌ఆర్ తీగల్లో ఒకటి ధ్వనిని సూటిగా తెస్తుంది, రెండోది తలకిందులుగా తెస్తుంది. రెంటి తేడా తీసుకుంటే దారిలో చేరిన రొద పోయి గొంతు మిగలాలన్నది ఏర్పాటు. కొన్ని కేబుళ్లలో ఈ రెండు తీగలనూ స్టీరియో పిన్నుకి ఎడమ, కుడిలుగా కలిపేస్తారు. హెడ్‌ఫోన్‌లో వింటే ఏదో తేడాగా ఉన్నా గొంతు వినపడుతుంది. ఫైల్లో గీత నిండుగా ఉంటుంది. వాట్సాప్‌లో పంపితే అవతలివాళ్లు ఫోన్ స్పీకర్లో వింటారు, ఒకే స్పీకరు ఉన్న ఫోన్ రెండు వైపులనూ కలిపి ఒకటిగా మోగిస్తుంది. సూటిదీ తలకిందులదీ కలిసి సున్నా. మ్యూజిక్ వినిపిస్తోంది, నీ గొంతే లేదురా అంటారు. విరుగుడు ఉచితమే. ఆడాసిటీలో స్టీరియో ట్రాక్‌ని రెండుగా విడదీసి, ఒకదాన్ని తీసేసి మిగిలినదాన్ని మోనో చేస్తే గొంతు తిరిగి వస్తుంది. తెరమీద ఎడమ గీత పైకి లేచినప్పుడల్లా కుడి గీత కిందికి దిగుతుంటే ఇదే జబ్బు.

పాడ్‌కాస్టుల్లో చూసి ష్యూర్ ఎస్‌ఎం7బీ కొనేవాళ్లు మరో రకం. మంచి మైకే, కానీ దానికి కనీసం 60 డెసిబెల్స్ గెయిన్ కావాలని తయారీదారే చెబుతాడు. చవక ఇంటర్‌ఫేస్ అంత ఇవ్వలేదు. ఇంటి పాటకు 1966లో వచ్చిన ఎస్‌ఎం58 ఇప్పటికీ తక్కువేమీ కాదు. మిగిలిన వైరు సమస్యలు త్వరగా తేలతాయి. చిటపటతో ఉన్నట్టుండి పడి ఉన్నట్టుండి లేస్తే జాక్ వదులు. కొన్ని నిమిషాల తర్వాత మైకు పూర్తిగా పడుకుంటే పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపాలి, హబ్ తీసి నేరుగా లాప్‌టాప్‌కి గుచ్చాలి. గుయ్యిమని 50 హెర్ట్జ్ మోత ఉంటే చార్జర్ పీకి బ్యాటరీ మీద పాడి చూడాలి. చాలా ఇళ్లలో ఎర్తింగ్ సరిగా ఉండదు. ఫ్యాను మోత కూడా వినిపిస్తుంటే దాన్నీ ఆపాలి. మే నెలలో ఫ్యాను ఆపి పాడటం కష్టమే, కానీ పాట నాలుగు నిమిషాలే కదా.

యంత్రాలన్నీ నిర్దోషులని తేలాక గాయకుడి వంతు. మైకుకీ నోటికీ మధ్య దూరం రెట్టింపైతే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 5 సెంటీమీటర్ల నుంచి 20కి జరిగితే 12. తెరమీద సాహిత్యం చదవడానికి పక్కకి తల తిప్పితే కార్డియాయిడ్ మైకు ఆ మేరకు తక్కువ వింటుంది. పూర్తిగా పక్క నుంచి వస్తే ఇంకో 6 పోతుంది. లావుపాటి కండెన్సర్ మైకులు చాలావరకు పక్క ముఖంతో వింటాయి. వాటి నెత్తిమీద పాడేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. దగ్గరగా ఉన్నప్పుడు వచ్చే అడుగు గాంభీర్యం కూడా దూరం జరిగితే పోతుంది కాబట్టి, కొలతలో తగ్గిన దానికన్నా చెవికి ఎక్కువ తగ్గినట్టు తోస్తుంది. ఆర్కెస్ట్రా మొత్తం ఒకే హాల్లో కూర్చుని ఒకే టేకులో పాట పూర్తి చేసే రోజుల్లో ఎత్తు స్వరానికి కాస్త వెనక్కి, మంద్రానికి కాస్త ముందుకి జరగడం గాయకుల విద్యలో భాగం. ఇంట్లో కుర్చీలో కూర్చుని పాడేవాళ్లు దాన్ని కావాలని నేర్చుకోవాలి. ఒక బెత్తెడు దూరం పెట్టుకుని, సాహిత్యం కాగితాన్ని మైకు వెనకే, కంటికెదురుగా అంటించుకుంటే సగం గొడవ తీరుతుంది.

పక్క ఫ్లాట్ భయం సంగతి ఏ సాంకేతిక పుస్తకంలోనూ ఉండదు. రాత్రి పదకొండున్నరకి టైల్స్ పరిచిన గదిలో, గోడకవతల పసిపాప నిద్రపోతుండగా, తారస్థాయిలో గొంతు విప్పడం ఎవరివల్లా కాదు. మీటర్‌లో కనిపించే తగ్గుదల అప్పుడు నిజమైనదే. దానికి మందు ఆదివారం మధ్యాహ్నం.

గెయిన్ ఎంత పెట్టాలన్న దానిపై అనవసరమైన భయాలున్నాయి. ఎర్ర లైటు వెలిగే అంచు దాకా తీసుకెళ్లాలన్నది పాత టేపుల రోజుల మాట, టేపు బుసని దాటాలి కాబట్టి. 16 బిట్లలో మెత్తనిదానికీ బిగ్గరదానికీ మధ్య దాదాపు 96 డెసిబెల్స్ చోటుంది, 24 బిట్లలో లెక్క ప్రకారం 144. కాబట్టి పాటలో అతి ఎత్తైన చోటు పాడి, శిఖరం సున్నాకి 10, 12 డెసిబెల్స్ కింద ఉండేలా పెట్టి వదిలేయొచ్చు. గీత సన్నగా కనిపిస్తుంది, కంగారు పడనక్కర్లేదు. సినిమా పాటలో గాయకుడి గొంతు గట్టి కంప్రెషన్ దాటి వస్తుంది, ట్రాక్ కూడా బిగించిన మాస్టర్. పచ్చి గొంతు దాని పక్కన చిన్నబోవడం సహజం. గొంతుని తోయడం కన్నా ట్రాక్‌ని 8, 10 డెసిబెల్స్ దించడం మంచి ఆరంభం. 32 బిట్ ఫ్లోట్ రికార్డర్లు వచ్చాక గెయిన్ దిగులే లేదంటున్నారు. పగిలిపోయే బాధ వరకు అది నిజం. అణచివేత అంతకు ముందే జరిగిపోతే అవి కూడా అణిగిన గొంతునే భద్రంగా దాస్తాయి.

ఇప్పటికే పడిపోయిన టేకుల్ని కాపాడగలమా? ఏది తగ్గించిందన్న దాన్ని బట్టి ఉంటుంది. మోత సమం చేసే యంత్రాంగం దించిన చోట గొంతు పూర్తిగానే ఉంది, చిన్నదైంది అంతే. ఎన్వలప్ టూల్‌తో పాదం పాదంగా లేపుకోవచ్చు, ఓపిక ఉంటే ఫలితం బాగానే ఉంటుంది. కంప్రెసర్‌కి ఈ పని అప్పగిస్తే దించినదాని మీద మళ్లీ దించి గందరగోళం చేస్తుంది. రొద అణిచే యంత్రం తిన్నదాన్ని మాత్రం ఏ ప్లగిన్నూ తిరిగి ఇవ్వదు. షడ్జం సగంలో మాయమైతే మళ్లీ పాడుకోవడమే. దూరం వల్ల తగ్గినదాన్ని లేపితే గది మోత కూడా లేస్తుంది. అది వినేవాళ్ల సహనం మీద ఆధారపడిన బేరం.

చివరగా, ఇంట్లో బాగుండి యూట్యూబ్‌లో తగ్గే పాటలు. యూట్యూబ్ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ అనే మట్టం కన్నా బిగ్గరగా ఉన్నవాటిని దించుతుంది, మెత్తగా ఉన్నవాటిని లేపదు. వీడియో మీద రైట్ క్లిక్ చేసి "స్టాట్స్ ఫర్ నర్డ్స్" తెరిస్తే కంటెంట్ లౌడ్‌నెస్ అని ఒక అంకె కనిపిస్తుంది. అది ప్లస్‌లో ఉంటే అంత మేర యూట్యూబ్ దించింది. మైనస్‌లో ఉంటే యూట్యూబ్ ముట్టుకోలేదు, మిక్సే మెత్తగా ఉంది, తిరిగి మిక్స్ దగ్గరికే వెళ్లాలి.